ఇంతకీ దీని పేరేంటి?

సోమశిల రేవులో, సంగమేశ్వరం పడవ ఎక్కేవాళ్లు కార్లు ఆపుకునే చోట దొరికింది మా బొచ్చుకుక్క. ఎవరో వదిలేసి పోయారు. జాలర్లు వేసిన చేపముక్కలతో వారం బతికింది. ‘ఊర్ల కుక్కలు దీన్ని బతకనియ్యవు బిడ్డా, నువ్వే తీస్కపో’ అంటూ మా పెద్దమ్మ సంచిలో పెట్టి మరీ ఇచ్చింది.

హైదరాబాద్‌లో డాక్టరుగారు పళ్లు చూసి ఎనిమిదేళ్లు ఉండొచ్చన్నారు. బాగా చూసుకుంటే పొమేరియన్లు 12 నుంచి 16 ఏళ్లు బతుకుతాయట. అంటే సగం జీవితం ఇంకెవరింట్లోనో గడిచిపోయింది! బరువు మూడు కిలోలు లేదు. మెడపట్టీ లాగితే గొంతులో గాలిగొట్టం నొక్కుకుపోతుంది కాబట్టి పట్టీ ఛాతీకే కట్టాలి. సోఫా మీంచి దూకితే మోకాలిచిప్ప జారొచ్చు. ఏటా రేబిస్ టీకా తప్పనిసరి. ద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ విషంతో సమానం. ఉల్లిపాయ లేని కూర మా ఇంట్లో ఎక్కడిది? దాని వంట వేరే.

అసలు చిక్కు పేరుతో వచ్చింది. 1994 నాటి ‘హమ్ ఆప్కే హై కౌన్’ పుణ్యమా అని మా చిన్నప్పుడు వీధిలో తెల్ల కుక్కలన్నీ టఫీలే. ఆ పేరుతో పిలిచాం. పలకలేదు. ‘కూర్చో’ అన్నా నిలబడే ఉంది. విసుగొచ్చి మా పాప ‘బైఠో’ అంది. టక్కున కూర్చుంది! ఎవరో ఎంత ఓపిగ్గా నేర్పారో... నేర్పినవాళ్లే ఎలా వదిలారో!

అప్పట్నుంచీ పాప రోజుకో హిందీ పేరు ప్రయత్నిస్తోంది. నిన్న ‘సోనూ’ అంటే ఒక చెవి కదిపింది.