నొప్పి ఉందా పెద్దాయనా?

మూడేళ్లుగా నెత్తురు పడుతున్నా బాబాయి ఇంట్లో నోరు విప్పలేదు. లుంగీలు ఉతుకుతుంటే పిన్ని కనిపెట్టింది. గుంటూరులో బస్సు దిగాక గోడ మీది రాతని నిలబడి మరీ చదివాడు: ఆపరేషన్ లేకుండా ఒక్క ఇంజెక్షన్‌తో మొలలు మాయం. “మనం వెళ్లేదీ సూదికేగా, ఇక్కడే పోదాం రా.” రెక్క పట్టుకుని కొత్తపేటలో సర్జన్ దగ్గరికి తీసుకెళ్లాను.

నెత్తురుకి వేరే కారణం లేదని సర్జన్‌గారు అంతకుముందే పెద్దపేగులోకి కెమెరా గొట్టం వేసి తేల్చుకున్నారు. సిరంజిలో ఎక్కించింది బాదం నూనెలో కలిపిన 5 శాతం ఫినాల్. చిక్కటి నూనె, తొందరపెడితే ఎక్కదు.

“బాదంపప్పు పడదా?” అడిగింది నర్సు.

“పడకేం తల్లీ, కొనలేక.”

ఎడమ పక్కకి తిరిగి మోకాళ్లు ముడుచుకున్నాడు. మత్తు లేదు. మొలలు సాధారణంగా గడియారం లెక్కన 3, 7, 11 గంటల చోట్ల ఉంటాయట. బాబాయి సరేనంటే, సూది వేయడానికి లోపల పెట్టిన గొట్టంలోంచి నేనూ చూశాను. మందు వెళ్తుంటే లోపలి పొర పాలిపోయి ఉబ్బింది, దాని మీద సన్నటి ఎర్ర రక్తనాళాలు తేలాయి.

“నొప్పి ఉందా పెద్దాయనా?”

పరామర్శ అనుకున్నాను. కాదు. లోపల ఒక గీత ఉందట. దానికి పైన సూది గుచ్చినా పెద్దగా తెలియదు, కింద గుచ్చితే కేకే. రోగి నొప్పంటే సూది ఉండాల్సిన చోట లేదన్నమాట. మూడో సూదికి బాబాయి “కొంచెం...” అన్నాడు. సర్జన్‌గారు వెంటనే సూది తీసి, కాస్త పైన గుచ్చారు. ముందువైపు మరీ లోతుకి పోతే మగవాళ్లకి ప్రోస్టేట్‌కి తగిలి మూత్రంలో నెత్తురొస్తుందని, 11 గంటల దగ్గర అసలు మాట్లాడనే లేదు.

ఈ సూది కథ పాతదే. 1869లో డబ్లిన్‌లో మోర్గన్ ఇనుప లవణంతో చేశాడు. 1871లో అమెరికాలోని ఇలినాయిలో మిచెల్ కార్బాలిక్ ఆమ్లాన్ని ఆలివ్ నూనెలో కలిపాడు. కార్బాలిక్ అంటే ఈ ఫినాలే. ఆ రహస్యాన్ని ఊరూరా తిరిగే నాటువైద్యులు కొనుక్కుని, దొరికినవాడికల్లా పొడిచారు. మన గోడ రాతలకి పెద్దన్నలు వాళ్లే.

మందు మొలలోని రక్తనాళాలని మూసి, మచ్చకట్టించి, పొరని కిందికి అతికిస్తుంది. నెత్తురు పడే చిన్న మొలలకే ఇది. బయటికి జారి, వేలితో నెట్టినా లోపలికి పోనివాటికి పనికిరాదు. ఆకుకూర, నీళ్లు మానేసి ముక్కితే మళ్లీ వస్తాయి కూడా.

పది నిమిషాల్లో అయిపోయింది. బయట బల్ల మీద కూర్చోగానే అల్లుడు ఫోన్ చేశాడు.

“కళ్లు చూపించుకోడానికి వచ్చాం బాబూ,” అన్నాడు బాబాయి.