అద్దె ఇల్లు వెతకడమూ పాఠమే

మానసిక ఆరోగ్యం చదివే పిల్లలకు ఇంటి యజమానులతో బేరం కూడా నేర్పుతారంటే మొదట నవ్వొచ్చింది. చెన్నై నుంచి మహాబలిపురం రోడ్డు మీద కోవళం వైపు వెళ్లి, ‘ది బన్యన్’ సంస్థ పని చూశాక విషయం అర్థమైంది.

1993లో వందన గోపికుమార్, వైష్ణవి జయకుమార్ అనే ఇద్దరు యువతులు ఈ సంస్థను ప్రారంభించారు. మానసిక జబ్బుతో వీధిన పడ్డ ఆడవాళ్లకు నీడ ఇవ్వడం అప్పటి పని. 2007లో శిక్షణ కోసం విడిగా అకాడమీ పెట్టారు.

ఆ అకాడమీలో నేను కూర్చున్న క్లాసులో చర్చ ఒక వితంతువు గురించి. కూలి పని, చెవిలో ఎవరో తిడుతున్నట్టు మాటలు, ఇద్దరు పిల్లలు. ముందు ఏం చేయాలని టీచరమ్మ అడిగితే, మందులు మొదలుపెట్టాలని అందరూ ఒకే మాట అన్నారు. ‘‘మందుల కోసం ఆస్పత్రికి వచ్చిన రోజు కూలి పోతుంది కదా, ఆ రోజు పిల్లలేం తింటారు?’’ అందావిడ. ఇక అక్కడి నుంచి మాటలు రేషన్ కార్డు, మరిది లాక్కున్న ఇంటి వాటా, ఊరి బావి దగ్గర కులం అడిగేవాళ్ల మీదికి మళ్లాయి. జబ్బు పేరు మళ్లీ వినపడటానికి గంట పట్టింది.

తర్వాత వికలాంగ ధ్రువపత్రం సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని వైకల్యాల జాబితాలో మానసిక జబ్బు కూడా ఉంది. ఆ సర్టిఫికెట్ మీద పింఛను వంటి సాయం అందాలంటే సాధారణంగా కనీసం 40 శాతం తేలాలి. తన ఒళ్లు తాను చూసుకోగలదా, నలుగురితో ఎలా మెలుగుతుంది, చెప్పింది అర్థం చేసుకుని బదులివ్వగలదా, పని చేయగలదా అని నాలుగు విషయాలకు మార్కులు వేసి, జబ్బు ఎన్నేళ్లుగా ఉందో దానికి కలుపుతారు. ఒక అమ్మాయి మార్కులు వేస్తూ ఆగిపోయింది. పరీక్షకు తీసుకెళ్లే రోజు తల దువ్వి మంచి చీర కట్టి పంపితే, బాగానే ఉందని మార్కులు తగ్గిస్తారేమోనని ఆ పిల్ల సందేహం. శుభ్రంగా ఉంటే పింఛను పోతుందన్న భయం ఎంత అన్యాయమో చెప్పడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

మధ్యాహ్నం సంస్థ ‘హోమ్ అగైన్’ పేరుతో నడిపే ఇంటికి వెళ్లాం. ఏళ్ల తరబడి ఆశ్రయంలో ఉండిపోయిన నలుగురైదుగురు ఆడవాళ్లు మామూలు వీధిలో అద్దె ఇంట్లో కలిసి ఉంటారు. సాయానికి ఒక మనిషి ఉంటుంది. ఆమె డాక్టరూ కాదు, నర్సూ కాదు. వంటింట్లో మునక్కాయలు తరుగుతున్న పెద్దావిడ నా మాట విని, ‘‘తెలుగోళ్లా? మాది నెల్లూరు పక్క. సాంబార్లో బెల్లం ఎక్కువైంది, వీళ్లకి చెప్పండి’’ అంది. నాకూ ఎక్కువైనట్టే అనిపించింది. కానీ వంట చేసినావిడ పక్కనే ఉంటే ఎలా చెప్పను?

ఇలాంటి ఇల్లు సంపాదించడమే కష్టమట. రాత్రిళ్లు అరుస్తారా, పిల్లలను కొడతారా అని యజమానులు అడుగుతారు. ఆ ప్రశ్నలకు నిజం దాచకుండా, ఓపిగ్గా జవాబు చెప్పడం శిక్షణలో భాగం.

ఇదే తమిళనాడులో 2001 ఆగస్టులో ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులను నిషేధించింది. దాని 19వ సెక్షన్ సమాజంలో అందరి మధ్యా బతికే హక్కు ఇచ్చింది. హక్కు కాగితం మీద ఉంటే సరిపోదు, ఎవరో ఒకరు ఇల్లివ్వాలి. కౌన్సెలింగ్ గదిలో కుర్చీకే పరిమితమయ్యే చదువుతో ఆ ఇల్లు దొరకదు. మన దగ్గర సైకాలజీ, సోషల్ వర్క్ చెప్పే కాలేజీలు పిల్లలను ఒక్క సెమిస్టరైనా ఇలాంటి ఇళ్లకు, రేషన్ ఆఫీసులకు పంపాలి. మీ వీధిలో వాటా ఖాళీగా ఉండి, ఇలాంటివాళ్లు అడగడానికి వస్తే, అడ్వాన్సు ఎంతో చెప్పి తాళం ఇవ్వండి.