బిళ్లకీ తాళం ఉంది!

ఓ టిఫిన్ సెంటర్ యజమాని, ఫోను తాకిస్తే మెనూ కనిపించాలని రూపాయి బిళ్లంత ఎన్‌ఎఫ్‌సీ ట్యాగును స్టీలు కౌంటరుకి అంటించాడు. ఉలకదు, పలకదు. పాడైందనుకుని పారేశాడు. పాపం, తప్పు దానిది కాదు. ట్యాగుకి బ్యాటరీ ఉండదు, దగ్గరికొచ్చిన ఫోను నుంచే శక్తి తీసుకుంటుంది. కింద లోహం ఉంటే అది సరిగా అందదు. వెనక ఫెర్రైట్ పొర ఉన్న రకం తెచ్చాక పలికింది. 888 బైట్లు పట్టే ఎన్‌ట్యాగ్ 216 కొందామనుకున్నాడు కానీ, ఒక్క లింకుకి 144 బైట్ల 213 చాలు.

'తాళం వేశావా నాన్నా?' అడిగాడు కొడుకు.

'బిళ్లకి తాళమేంట్రా?'

కొడుకు తన ఫోనుతో అందులోని లింకు మార్చేసి చూపించాడు. నిమిషం పట్టలేదు! అదే ఏ దొంగో చేసి ఉంటే? ఇడ్లీల డబ్బు కట్టబోయినవాళ్లు నకిలీ పేజీలో పడేవారు. నష్టం వాళ్లకి, చెడ్డపేరు కొట్టుకి.

శాశ్వతంగా లాక్ చేస్తే యజమాని కూడా మార్చలేడు. అందుకే మెనూ ఫైలు లింకు కాకుండా కొట్టు సొంత వెబ్ చిరునామా రాసి లాక్ చేశారు. దోసె ధర పెరిగితే పేజీలో మార్చుకుంటే సరి. ఎన్‌ఎఫ్‌సీ లేని ఫోన్ల కోసం పక్కనే క్యూఆర్ కోడు పెట్టారు. దానిమీద ఎవరైనా ఇంకోటి అంటించారేమోనని పొద్దున్నే గోటితో గీకి చూడటం ఇప్పుడు ఆయనకి అలవాటైంది.