దారిబత్తెము

కాన్సరు సోకిన పసిబిడ్డలకు పండ్లు, బొమ్మలు పంచి, ఫొటో దిగి, తృప్తితో ఇల్లు చేరినవారిలో నేనును ఒకడను. ఒకనాడు పాడేరు వైపునుండి వచ్చిన తల్లి యొకతె బొమ్మ నందుకొని, "బాబూ, పైవారం మళ్లీ రమ్మన్నారు, బస్సుకు డబ్బుల్లేవు" అనెను. నేను తల వంచుకొంటిని.

మన విశాఖలో అగనంపూడి వద్ద టాటా మెమోరియల్ కేంద్రమువారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి యున్నది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకము పేదల చికిత్సకు సొమ్ము చెల్లించుచున్నది. అయినను, పిల్లలకు తరచుగా వచ్చు రక్తకాన్సరునకు చికిత్స రెండు మూడేండ్లు సాగును. తెల్లకణములు తగ్గి జ్వరము వచ్చినచో అర్ధరాత్రియైనను ఆసుపత్రి చేరవలెను గనుక దగ్గరలో గది తీసికొనక తప్పదు. వెంటనున్న తండ్రికి ఆనాటి కూలి పోవును. ఊరనున్న తక్కిన బిడ్డలకు పొరుగువారే దిక్కు. ఇందులో ఏదియు మందుచీటిలో కానరాదు. సంపన్నదేశములలో కాన్సరు సోకిన పిల్లలు నూటికి 80 మందికి పైగా కోలుకొనుచున్నారు. పేదదేశములలో అంతమంది దక్కకపోవుటకు చికిత్స నడుమనే మానుటయు నొక కారణమని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

అందుచే ఇప్పుడు చందాపుస్తకముతో ఇల్లిల్లు తిరుగుచున్నాను. "మందులకైన నిత్తుము, బస్సు ఛార్జీలకేల?" అని యొక పెద్దమనుష్యుడు అడిగెను. "అయ్యా, బిడ్డను మందు దగ్గరకు చేర్చునది ఆ బస్సే" అంటిని. ఆయన నోటు తీసి యిచ్చి, "పుస్తకముపై బిడ్డ ఫొటో అంటింపుడు, చందా పెరుగును" అనెను.

"వద్దండీ. కోలుకొన్న పిదప ఆ బిడ్డ బడికి పోవలెను గదా!" అంటిని.