ద్వారమున మ్రోగు గంట

ధర్మపురిలో గోదావరీస్నానము గావించి, నరసింహస్వామిని సేవించి మరలు యాత్రికులు గాజులు, కుంకుమ, పటములు కొనుచుందురు. ఆ అంగళ్ల సరకునకు కావలి అంగడివాని కన్ను మాత్రమే. పట్టణములందలి పెద్ద దుకాణములలో నట్లు గాదు. 1960వ దశకమున అమెరికాలో పుట్టిన యంత్రమొకటి అచట ద్వారమున కాపుండును.

వస్త్రమునకు తగిలించు బిళ్లలో, ఒక విధమైన దానియందు, సన్నని లోహపు రేకు గలదు. ద్వారస్తంభము వెలువరించు అయస్కాంత తరంగములకు అది సెకండునకు 58,000 మారులు కంపించును. తరంగములు ఆగిన పిమ్మటను క్షణకాలము కంపించుచునే యుండును. ఆ శేషకంపమును పసిగట్టి గంట మ్రోగును. వెల చెల్లినపిదప గుమాస్తా ఆ బిళ్లను తీసివేయవలెను.

అతడు మరచినచో? కరీంనగరమున నొక బట్టల దుకాణములో చూచితిని. ఖరీదైన దుస్తుల పెద్దమనిషి దాటునపుడు గంట మ్రోగగా, కావలివాడు "పోండి సార్" అని నవ్వుచు సాగనంపెను. పిమ్మట కూలిచేసి బ్రతుకు స్త్రీ యొకతె రసీదు చేతబట్టుకొని రాగా మరల మ్రోగెను. ఈమారు సంచి నేలపై క్రుమ్మరించిరి. బిళ్ల తీయనిది గుమాస్తా. తల వంచుకొన్నది ఆమె.

సోదరులారా, దొంగతనమును అరికట్టుట న్యాయమే. కాని యంత్రము చెప్పునది "బిళ్ల యున్నది" అను నొక్క మాటయే. "ఈమె దొంగ" అను మాట మనము చేర్చినది. గంట మ్రోగినపుడు మొదట రసీదు చూడవలెను. పొరపాటు దుకాణముదైనచో, జనమెల్ల వినునట్లు ఒప్పుకొనవలెను. నిందను పదిమందిలో మోపి, క్షమాపణము చెవిలో చెప్పుట వర్తకధర్మము గాదు.