వాపు చాటున దాహం

2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్ట్‌బ్లెయర్‌లో, అబర్డీన్ బజారు గంటస్తంభానికి దాపున కాపురముంటున్న ఒక తెలుగు తల్లిని ఊహించుకోండి. ఆమె పెద్దలు శ్రీకాకుళం ప్రాంతం నుండి ఓడ మీద వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. ఒకనాటి ఉదయం ఆమె ఆరేళ్ళ కొడుకు కళ్ళు తెరవలేనంతగా ముఖం ఉబ్బి లేచాడు. మూత్రం నురగ కట్టింది. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే మూత్రపిండాల వ్యాధి అన్నారు వైద్యులు.

ఒంట్లో నీరు పట్టిందని తల్లి ఎవరినీ అడగకుండానే మంచినీళ్ళు తగ్గించింది. అలసిపోతాడని మంచం దిగనివ్వలేదు. మమకారంతో చేసిన ఈ రెండు పనులూ ఒక ఆపదను చేరువకు పిలిచేవే.

మూత్రపిండాల వడపోత చెడినప్పుడు రక్తంలోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలో పోతుంది. నీరు రక్తనాళాలను విడిచి కండల మధ్య చేరుతుంది. బిడ్డ పైకి ఉబ్బి కనిపిస్తాడు; లోపల మాత్రం రక్తం నీటికి కరువై చిక్కబడవచ్చు. గడ్డకట్టడాన్ని అదుపులో ఉంచే యాంటీత్రాంబిన్ కూడా మూత్రంలోనే జారిపోతుంది. పోయినదాన్ని భర్తీ చేయబోయి కాలేయం గడ్డకట్టించే ఫైబ్రినోజెన్‌ను అధికంగా తయారుచేస్తుంది. కళ్ళెం తెగింది, గుర్రం బలిసింది!

పిల్లలలో ఇది నూటికి సుమారు ముగ్గురికే వస్తుంది. 12 ఏళ్ళు దాటినవారికి ముప్పు ఎక్కువ. ఒక్క కాలే వాచి నొప్పిపెట్టినా, మూత్రం ఎర్రబడి నడుము ప్రక్క నొప్పి వచ్చినా, తగ్గని తలనొప్పితో వాంతులో మూర్ఛో వచ్చినా, ఆయాసం కలిగినా క్షణం ఆలస్యం చేయరాదు. సకాలంలో గుర్తిస్తే హెపారిన్ వంటి మందులు గడ్డ పెరగకుండా ఆపగలవు.

దీవులవారికి మరొక జాగ్రత్త అవసరం. విశాఖపట్నానికి ఓడలో రెండు మూడు రోజులు పడుతుంది. వ్యాధి తిరగబెట్టిన బిడ్డకు సముద్రపు వాంతులు, ఒకేచోట పడుకోవడం రెండూ చేటే. వైద్యుని అడిగిన తరువాతే ఓడ ఎక్కాలి. నీరెంత, ఉప్పెంత అన్నది కూడా ఆయనే తేల్చాలి. మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు సొంతంగా వేయరాదు.

చాలామంది పిల్లలు ప్రెడ్నిసొలోన్‌తో కోలుకుంటారు. ఇప్పుడా తల్లి ప్రతి ఉదయం పరీక్షపట్టీతో మూత్రం చూసి, పుస్తకంలో వ్రాసుకుంటుంది. సాయంత్రం కొడుకు చేయి పట్టుకొని గంటస్తంభం దాకా నడిపిస్తుంది. చూసేవారికి అది షికారు. ఆమెకు మందుతో సమానం.