హీరోయిన్ పేరున ఎన్నెకరాలు?

పోస్టు కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

మేం నలుగురం అమ్మాయిలం. ఒకరిది ఉట్నూరు వైపు, ఇద్దరిది భద్రాచలం ఏజెన్సీ, ఒకరిది సీతంపేట. హాస్టల్లో ఒకే గది, నలుగురికీ కలిపి ఒకే లాప్‌టాప్. శనివారం రాత్రయితే సినిమా ఉండాల్సిందే, అదీ ప్రేమకథయితే ఇంకా ఇష్టం. ఈ ఏడాది మాత్రం ఒక పద్ధతి పెట్టుకున్నాం. నవలల నుంచి తీసిన ప్రేమ సినిమాలే చూడాలి. నవల దొరికితే ముందు అది చదవాలి. "ఇవన్నీ టైంపాస్, గ్రూప్స్‌కి చదువుకోండి" అని అన్నలు కొందరు అంటుంటారు. గ్రూప్స్‌కీ చదువుతున్నాం అన్నా. కానీ ప్రేమ అంటే ఏంటి, మొగుడంటే ఎట్లా ఉండాలి అని మన పిల్లలు సగం నేర్చుకునేది సినిమాల నుంచే. అందుకని దీని గురించి మాట్లాడుకోవడం దండగ కాదని మా ఉద్దేశం.

ముందుగా దేవదాసు. శరత్‌చంద్ర నవల 1917లో అచ్చయింది. వేదాంతం రాఘవయ్య తీసిన తెలుగు సినిమా 1953లో వచ్చింది. సినిమా అనగానే అందరికీ గుర్తొచ్చేది నాగేశ్వరరావు మత్తు కళ్ళు, సీసా, దగ్గు. నవలలో మమ్మల్ని ఆపింది వేరే సంగతి. పార్వతిని కోడలిగా వద్దనడానికి దేవదాసు ఇంట్లోవాళ్ళు చూపించే కారణాల్లో ఒకటి, వాళ్ళది ఆడపిల్లకి డబ్బు తీసుకుని పెళ్ళి చేసే కుటుంబమని. అది చదివి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మన దగ్గర ఓలి అంటే అట్లాంటిదే గదా! పొలంలో, అడవిలో మగవాళ్ళతో సమానంగా కష్టపడే పిల్ల ఆ ఇల్లు వదిలి ఈ ఇంటికి వస్తుంది కాబట్టి మగపెళ్ళివారు ఇచ్చుకునేది. కట్నాలు గుంజేవాళ్ళ కళ్ళకి మాత్రం అది పిల్లని అమ్ముకోవడంలా కనిపిస్తుంది. ఓలిలో ఇబ్బందులు లేవని మేం అనం. అప్పుచేసి ఓలి కట్టి, అది తీర్చడానికి కూలికి పోయిన అన్నలు మన ఊళ్ళలో ఉన్నారు. కానీ ఒక పద్ధతిని చిన్నచూపు చూడటం వల్ల రెండు జీవితాలు పాడవడం అనే విషయం, తాగుడు పాటల కింద ఎవరికీ కనపడకుండా పోయింది.

తర్వాత సెక్రటరీ. యద్దనపూడి సులోచనారాణి నవల, 1976లో కె.ఎస్. ప్రకాశరావు సినిమాగా తీశారు. ఇందులో జయంతి మా నలుగురికీ నచ్చింది. ఉద్యోగం చేసుకుంటూ, డబ్బున్న రాజశేఖరం ముందు తల దించకుండా నిలబడుతుంది. నవలలో అయితే ఆ పొగరు వెనకాల భయం, ఇష్టం, కోపం అన్నీ ఆమె మనసులోంచే మనకి తెలుస్తుంటాయి. సినిమాలో ఆ చోటికి వచ్చేసరికి వాణిశ్రీ ఒక చూపు చూస్తుంది, వెంటనే పాట. వాణిశ్రీ బాగా చేయలేదని కాదు. పేజీలకు పేజీలు సాగే ఆలోచన తెరమీద పట్టదు, అంతే. నవలని సినిమా చేసేటప్పుడు ఎక్కువగా నష్టపోయేది అమ్మాయి ఆలోచనే అని అప్పుడు అర్థమైంది. అప్పట్నుంచి ప్రతి సినిమా అయ్యాక ఒకే ప్రశ్న వేసుకుంటున్నాం: హీరో పక్కన లేనప్పుడు ఈ అమ్మాయి ఏం ఆలోచిస్తుంది?

ఆ ప్రశ్నతోనే కొండపొలం చూశాం. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల, 2021లో క్రిష్ తీసిన సినిమా. కరువులో గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కే కాపరుల కథ. అడవిని డాన్సు వేసే చోటుగా కాకుండా పనిచేసే చోటుగా చూపించినందుకు సంతోషం. నీళ్ళ కోసం వెతుకులాట, పులి భయం, రాత్రి కాపలా, ఇవి మనకి తెలిసిన బతుకే. నవలలో లేని ప్రేమకథని సినిమాలో ఓబులమ్మ పేరుతో కలిపారు. దాని మీద మా గదిలో పెద్ద గొడవే అయింది. ఆడపిల్ల కూడా మంద వెంట అడవికి పోతుందని చూపించారు, మంచిదే గదా అని ఇద్దరు. హీరోకి ధైర్యం రావడానికే ఆమెని తెచ్చారు, ఆమెకంటూ ఒక కథ ఇవ్వలేదు అని ఇద్దరు. ఇప్పటికీ తేలలేదు.

మమ్మల్ని బాగా బాధపెట్టింది సత్యజిత్ రాయ్ 1970లో తీసిన అరణ్యేర్ దిన్ రాత్రి. సునీల్ గంగోపాధ్యాయ్ నవల ఆధారం. కలకత్తా నుంచి నలుగురు స్నేహితులు పలామూ అడవికి సరదాగా వస్తారు. గొప్ప సినిమా, ఒప్పుకుంటాం. బంగ్లా కాపలాదారు భార్య జబ్బుతో పడుంటే పట్టించుకోని ఆ పట్నం బాబుల్ని రాయ్ వదిలిపెట్టలేదు. అపర్ణ అనే చదువుకున్న అమ్మాయికి మంచి మాటలిచ్చాడు, దుఃఖమిచ్చాడు, ఎదుటివాడిని నిలదీసే తెలివి ఇచ్చాడు. అదే సినిమాలో దూలీ అనే ఆదివాసీ అమ్మాయి ఉంది. ఆ వేషం సిమీ గరేవాల్‌కి ఒళ్ళంతా నల్లరంగు పూసి వేయించారు. దూలీకి దక్కింది సారా దుకాణం, కొంచెం డబ్బు, అడవిలో ఒక బాబుతో కాసేపు. ఆ బాబు వెళ్ళిపోయాక దూలీ ఏమనుకుంది? మా ప్రశ్నకి అంత పెద్ద సినిమాలో కూడా జవాబు లేదు.

బయట నుంచి వచ్చిన మగవాడు, అడవిలో అమ్మాయి. తెరమీద ఇది పాటతో అయిపోయే కథ. మన ఏజెన్సీలో ఈ కథకి ఒక చట్టం నంబరు కూడా ఉంది: 1/70. 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్‌ని 1970లో సవరించాక షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పేరుకి మారడానికి వీల్లేదు. మరి కొనలేనివాడు ఏం చేస్తాడు? కొందరు పెళ్ళి చేసుకుంటారు. పట్టా ఆమె పేరున, పెత్తనం అతనిది. మాలో ఒకరి పిన్ని సంగతి ఇదే. ఆమె పేరున మూడెకరాలు, రోడ్డు పక్కన దుకాణం స్థలం ఉన్నాయి. ఒక్క కాయితం కూడా ఆమె చేతిలో లేదు. అతనికి పట్నంలో ముందునుంచే ఇంకో సంసారం ఉంది. పిన్నిని ఎవరూ బలవంతం చేయలేదు, ప్రేమించే చేసుకుంది. నాలుగేళ్ళు సంతోషంగా ఉన్నానని ఇప్పటికీ చెప్తుంది.

బయటివాళ్ళని ప్రేమించొద్దని చెప్పడానికి ఇది రాయట్లేదు. అట్లా చేసుకుని మంచిగా బతుకుతున్న అక్కలు మనలో ఉన్నారు. ఎవరిని చేసుకోవాలో ఆ అమ్మాయి ఇష్టం, ఊరు పెద్దలది కాదు, మనదీ కాదు. కానీ చెల్లెళ్ళూ, ప్రేమ అన్నిటినీ గెలుస్తుందని సినిమా చెప్పినప్పుడు పట్టా ఎవరి దగ్గరుందో కూడా అడగండి. నిజంగా ప్రేమించినవాడైతే ఆ ప్రశ్నకి కోపం తెచ్చుకోడు.

మన ప్రేమల్లో కష్టాలు కూడా వేరు. కోయల్లో గట్టు, గోండుల్లో సగ. ఒకే గట్టు వాళ్ళు అన్నాచెల్లెళ్ళ కింద లెక్క. హాస్టల్లో పరిచయమై, మనసు పడ్డాక ఇంటిపేర్లు అడిగి, గట్టు ఒకటేనని తెలిసి మాట్లాడుకోవడం మానేసిన వాళ్ళు మాకు తెలుసు. అందులో విలన్ లేడు, పడవంత కారు లేదు. ఇద్దరికీ తమ కట్టు మీద గౌరవం ఉంది, ఒకరంటే ఒకరికి ప్రాణం కూడా. ఇంతకన్నా పెద్ద కథ ఏముంటుంది?

మనవాళ్ళు రాయడం మొదలుపెట్టారు. మల్లిపురం జగదీశ్ శిలకోల కథలు చదవండి. రమేశ్ కార్తీక్ నాయక్ ఢావ్లో చదవండి, దానికి 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. అవి కథలు. మన అమ్మాయి మనసులోకి వెళ్ళి, మూడొందల పేజీలు అక్కడే ఉండే ప్రేమ నవల కూడా మనలోంచి రావాలి. సినిమా సంగతి తర్వాత చూద్దాం.

పిన్ని కథ రాస్తామని అడిగాం. కాసేపు ఆలోచించి, "రాయండి, నా పేరు మార్చండి, సర్వే నంబరు మాత్రం మార్చకండి" అంది. సెలవులకి పోయినప్పుడు మొదలుపెడతాం. మీ ఇళ్ళలో కూడా ఇట్లాంటి పిన్నులు, అక్కలు ఉంటారు. వాళ్ళని అడగండి, మీ భాషలో వాళ్ళు చెప్పినట్టే రాసిపెట్టండి.